ప్రమోటర్ల చేతిలో వృథా అయిన రెజ్లర్లు: నా లెక్కలో ఎవరు, ఎందుకు

పోటీలు నడిపి, ఎవరు గెలవాలో నిర్ణయించే ప్రమోటర్ల తప్పిదం వల్ల ప్రతిభ వృథా అయిపోయిన ప్రొఫెషనల్ రెజ్లర్లు ఎవరు, అలా ఎందుకు జరిగింది అన్నది ప్రశ్న. దీనికి వచ్చే జవాబుల్లో ఎవరికి నచ్చిన రెజ్లర్ పేరు వారు చెప్పి, అతని నడుముకు పెద్ద చాంపియన్ బెల్టు కట్టలేదని వాపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. గెలుపోటములు ముందే రాసిపెట్టి ఉండే ఈ వినోదంలో ఓడిపోవడం దానంతట అదే నష్టం కాదు. 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ పదహారు అడుగుల పంజరం పైనుంచి మిక్ ఫోలీని కిందికి విసిరేసిన పోటీలో ఓడినవాడు ఫోలీయే. అయితే ఆ రాత్రితో అతని స్థాయి పెరిగింది, ఆరు నెలలు తిరిగేసరికి అతనే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మరోవైపు, ఏళ్ళ తరబడి గెలుస్తూనే జనానికి విసుగు పుట్టించినవారు కూడా ఉన్నారు.

కాబట్టి నేను ఒక గీటురాయి పెట్టుకున్నాను. ఒక మనిషిని జనం ఇప్పటికే కోరుకుంటున్నారన్న రుజువు, టికెట్ల రూపంలోనో కేకల రూపంలోనో, ప్రమోటర్ కళ్ళ ముందు ఉండాలి. ఆ కోరికను తీర్చే దారి పెద్ద ఖర్చు లేకుండా అతని చేతిలోనే ఉండాలి. అయినా అతను ఆ దారి పట్టకపోయి ఉండాలి. ఈ లెక్కన 1986లో కారు ప్రమాదంతో రింగుకు దూరమైన మాగ్నమ్ టీ.ఏ. వంటివారు ఈ జాబితాలోకి రారు, ఎందుకంటే అది దురదృష్టమే తప్ప ప్రమోటర్ నేరం కాదు. తమ వ్యసనాలతో తామే దెబ్బతిన్నవారిని కూడా నేను పక్కన పెడుతున్నాను.

ఈ గీటురాయి మీద ఎక్కువ కేసులు దొరికేది 1997 నుంచి 2000 వరకు అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ నడిచిన తీరులోనే. టెడ్ టర్నర్ డబ్బు వెనక ఉన్న ఆ కంపెనీ సోమవారం రాత్రి నైట్రో కార్యక్రమంతో వరసగా 83 వారాల పాటు పోటీ కంపెనీ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) యజమాని విన్స్ మెక్‌మాన్ నడిపిన రా కార్యక్రమాన్ని రేటింగుల్లో ఓడించింది. అంతటి కంపెనీ 2001 మార్చిలో అదే మెక్‌మాన్‌కు అమ్ముడుపోయింది. కారణాలు చాలా ఉన్నా, రెజ్లర్ల కోణం నుంచి చూస్తే ఒకటి ప్రధానం. పైన ఉన్న కొద్దిమందికి ఆడినా ఆడకపోయినా జీతం వచ్చే గ్యారంటీ ఒప్పందాలు ఉండేవి. హల్క్ హోగన్ ఒప్పందంలోనైతే తన కథ ఎలా నడవాలో తానే తేల్చుకునే హక్కు కూడా రాసి ఉంది. తాము ఓడితే ఎవరు పైకి వస్తారో తెలిసినవారికే ఓడేందుకు ఒప్పుకోవాలా వద్దా అనే నిర్ణయం కూడా వదిలిపెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి పెద్ద నిదర్శనంగా అందరూ స్టింగ్ పేరు చెబుతారు. ఏడాదికి పైగా ఒక్క పోటీ కూడా ఆడకుండా, ముఖానికి తెల్లరంగు పూసుకుని, స్టేడియం పైకప్పు దూలాల మీద నిలబడి చూస్తూ ఉండే పాత్రలో అతను హోగన్ ముఠాకు ఏకైక సమాధానంగా ఎదిగాడు. 1997 డిసెంబర్ 28న స్టార్‌కేడ్ అనే కార్యక్రమంలో వారిద్దరి పోటీ ఆ కంపెనీ చరిత్రలోనే ఎక్కువగా అమ్ముడైన పే-పర్-వ్యూ (విడిగా డబ్బు కట్టి టీవీలో చూసే ప్రసారం) అయింది. ఆ రాత్రి స్టింగ్ రింగులోకి దిగి హోగన్‌ను చిత్తుచేస్తే చాలు. అందుకు బదులు హోగన్ ఎక్కువసేపు అతన్ని కొట్టి, మీద పడి అదిమిపట్టి, గెలుపుకు కావాల్సిన మూడు లెక్క స్పష్టంగా వేయించుకున్నాడు. రెఫరీ తొందరగా లెక్కపెట్టి మోసం చేశాడన్నది కథ. కానీ రెఫరీ మామూలు వేగంతోనే లెక్కపెట్టాడు కాబట్టి, తర్వాత బ్రెట్ హార్ట్ వచ్చి అన్యాయం జరిగిందని పోటీని మళ్ళీ మొదలుపెట్టించడం చూసేవారికి అర్థం కాలేదు. విరామం దాకా హీరోను ఆకాశానికెత్తి, క్లైమాక్సులో విలన్ చేత తన్నించి, ఆ తర్వాత నిర్మాత తెర మీదికి వచ్చి గెలిచింది హీరోయేనని ప్రకటించినట్టు ఉంది ఆ ముగింపు. అయినా స్టింగ్‌ను నేను జాబితాలో పైన పెట్టను. అతనికి ముందూ వెనకా ఘనమైన చరిత్ర ఉంది, ఆ రాత్రి పోయింది ఒక్క కథే.

అదే రాత్రి రింగులో నిలబడిన బ్రెట్ హార్ట్ సంగతి అలా కాదు. 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో, తన సొంత దేశపు జనం ముందు, తనకు తెలియకుండా అప్పటి తన యజమాని మెక్‌మాన్ గంట కొట్టించి బెల్టు లాక్కున్న ఉదంతంతో అతను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సానుభూతి ఉన్న రెజ్లర్ అయ్యాడు. ఆ సానుభూతి నిజమైనది, ఏ రచయితా అల్లింది కాదు. ఆరు వారాలు తిరగకుండానే అతను డబ్ల్యూసీడబ్ల్యూ తెర మీద కనిపించాడు. మరి అతని చేత చేయించింది ఏమిటి? స్టార్‌కేడ్‌లో అతని పని రెఫరీ చొక్కా వేసుకోవడం. ఆ తర్వాత కొన్నాళ్ళకే అతన్ని ఏ కారణమూ చెప్పకుండా హోగన్ పక్షాన చేర్చి ప్రతినాయకుణ్ణి చేశారు. 1990ల తొలి సగంలో ఉత్తర అమెరికా రెజ్లింగ్‌ను మోసిన ఇద్దరు పెద్ద పేర్లు, బ్రెట్, హోగన్, ఒకే కంపెనీలో రెండేళ్ళు ఉండి కూడా పే-పర్-వ్యూలో ఒక్కసారైనా ముఖాముఖి తలపడలేదు. ఒక నైట్రోలో మొదలైన పోటీని నిమిషాల్లోనే గాయం నాటకంతో ఆపేశారు. టికెట్ అమ్మకానికి ఇంతకన్నా సులువైన సరుకు ఏ ప్రమోటర్‌కూ దొరకదు.

బ్రెట్ అక్కడ చేసిన అత్యుత్తమ పని ఏమిటని అడిగితే నేను 1999 మార్చి 29 నాటి టొరంటో నైట్రోను చూపిస్తాను. కంపెనీలోని పెద్ద తారల్లో ఒకడైన గోల్డ్‌బర్గ్‌ను రెచ్చగొట్టి, అతను పరుగెత్తుకొచ్చి ఢీకొట్టగానే అతనే స్పృహతప్పి పడిపోయేలా చేసి, తన హాకీ చొక్కా కింద దాచుకున్న ఉక్కు పలకను బయటికి తీసి, తానే మూడు లెక్కపెట్టుకుని, ఈ కంపెనీని వదిలేస్తున్నానని మైకులో ప్రకటించి వెళ్ళిపోయాడు. స్టేడియం దద్దరిల్లింది. అక్కడి నుంచి ఏడాది కథ నడపవచ్చు. అయితే మే 23న తమ్ముడు ఓవెన్ హార్ట్ మెక్‌మాన్ కంపెనీ కార్యక్రమంలో పైనుంచి జారిపడి చనిపోవడంతో బ్రెట్ నెలల పాటు దూరమయ్యాడు. ఆ విరామానికి ఎవరినీ తప్పుపట్టలేం. తిరిగి వచ్చాక నవంబర్ 21న టొరంటోలోనే ప్రపంచ బెల్టు ఇచ్చారు, అంటే చేరిన రెండేళ్ళకు. నెల తిరగకుండా డిసెంబర్ 19న గోల్డ్‌బర్గ్ కాలి తన్ను తలకు బలంగా తగిలి మెదడు దెబ్బతింది, 2000లో రింగు నుంచి తప్పుకున్నాడు. గాయం ప్రమాదమే కావచ్చు. దానికి ముందు గడిచిన రెండేళ్ళు మాత్రం ప్రమాదం కాదు, అవి చేజేతులా పారబోసినవి.

ఇక క్రిస్ జెరికో. 1998లో అతను మధ్యస్థాయి చిన్న బరువు రెజ్లర్. కానీ మైకు పట్టుకుంటే అతని మీద నుంచి కళ్ళు తిప్పుకోలేని పరిస్థితి. డీన్ మలెంకోకు వెయ్యి పట్లు తెలుసని ప్రచారం ఉంటే తనకు వెయ్యి నాలుగు తెలుసని చెప్పి, పొడవాటి కాగితం విప్పి ఆ పట్ల పేర్లు ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టి, మధ్యలో ప్రకటనలు వచ్చి పోయినా ఇంకా చదువుతూనే ఉన్న ఆ దృశ్యం ఇప్పటికీ నాకు నవ్వు తెప్పిస్తుంది. మలెంకో చేతిలో బెల్టు పోయాక, తన మీద కుట్ర జరిగిందని అట్ట పలక పట్టుకుని వాషింగ్టన్ వీధుల్లో తిరిగాడు. ఇదంతా దాదాపుగా అతని సొంత ఆలోచనే. ఆ ఏడాది శరత్కాలంలో అతను ఓటమి ఎరగని గోల్డ్‌బర్గ్‌ను వెక్కిరించడం మొదలుపెట్టాడు. గోల్డ్‌బర్గ్ వేషం వేసిన ఒక పొట్టి మనిషిని ఓడించి, గోల్డ్‌బర్గ్‌నే ఓడించానని చెప్పుకున్నాడు. జనం ఆ వదరుబోతును గోల్డ్‌బర్గ్ నలిపేసే రోజు కోసం ఎదురుచూశారు. పే-పర్-వ్యూలో ఒక్కసారి పోటీ పెట్టండి, రెండు నిమిషాల్లో ఓడిపోతానని జెరికో అడిగినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇందులో గోల్డ్‌బర్గ్‌కు నష్టం లేదు, కంపెనీకి లాభం, జెరికోకు గుర్తింపు. ఆ పోటీ జరగనే లేదు.

ఓడిపోయేందుకు సిద్ధపడినవాడికి ఓడే అవకాశం కూడా దక్కలేదంటే ఆ వ్యవస్థ గురించి చెప్పాల్సింది పెద్దగా మిగలదు. 1999 ఆగస్టు 9న షికాగోలో అతను రాక్ ప్రసంగానికి అడ్డుపడి మెక్‌మాన్ కంపెనీలో అడుగుపెట్టాడు. 2001 డిసెంబర్ 9న ఒకే రాత్రి రాక్‌నూ స్టీవ్ ఆస్టిన్‌నూ ఓడించి, రెండు ప్రపంచ బెల్టులను కలిపిన తొలి చాంపియన్ అయ్యాడు. ఆ ఆస్టిన్‌ను సైతం 1995లో గాయంతో ఇంట్లో ఉన్నప్పుడు పనికిరాడని తీసేసింది డబ్ల్యూసీడబ్ల్యూయే. వీరిద్దరినీ వృథా అయినవారని అనలేం, ఎందుకంటే వేరేచోట దక్కాల్సింది దక్కింది. కానీ మనిషి అసలు సామర్థ్యం ఎంతో, దాన్ని మొదటి ప్రమోటర్ ఎంత తక్కువగా చూశాడో కొలిచేందుకు ఇంతకన్నా మంచి కొలమానం దొరకదు. 2000 జనవరిలో ఎడ్డీ గెరెరో, మలెంకో సహా నలుగురు కలిసికట్టుగా వెళ్ళిపోయినప్పుడు, వారిలో ఒకరిని ఆపేందుకు ప్రపంచ బెల్టునే కట్టబెట్టినా, మర్నాడే దాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. గెరెరో 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడాది నవంబర్‌లో 38 ఏళ్ళకే చనిపోయాడు. పాత కంపెనీలో పోయిన ఏళ్ళ విలువ అతని విషయంలో అందుకే ఎక్కువ.

రే మిస్టీరియో ముసుగు తీయించడం నా దృష్టిలో వీటన్నిటికన్నా మూర్ఖమైన నిర్ణయం. మెక్సికో కుస్తీ సంప్రదాయంలో ముసుగు వేషంలో భాగం కాదు, మనిషి ప్రతిష్ఠే అది. ఎల్ శాంటో 1984లో చనిపోతే ముసుగుతోనే సమాధి చేశారు. ముసుగు పోగొట్టుకునే పోటీ జీవితంలో ఒకసారి, బద్ధశత్రువుతో, ఏళ్ళ తరబడి కథ నడిపాక జరుగుతుంది, దాని మీద వచ్చే డబ్బు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. డబ్ల్యూసీడబ్ల్యూ 1999 ఫిబ్రవరి 21న ఒక జంటపోటీలో, అతనికన్నా ఎంతో పొడవున్న కెవిన్ నాష్, స్కాట్ హాల్ జంట చేతిలో ఓడించి, రే మాట లక్ష్యపెట్టకుండా ఆ ముసుగు తీయించింది. అవతలి పక్షం పణంగా పెట్టింది మిస్ ఎలిజబెత్ జుట్టు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ ప్రతీకార కథ కూడా లేదు. పసిపిల్లవాడిలా కనిపించే అతని ముఖాన్ని చూపితే ఆడవారు మెచ్చుతారని అనుకున్నారేమో, నాకైతే మరో తర్కం తోచదు. 2002లో మెక్‌మాన్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ చేసిన మొదటి పని అతనికి మళ్ళీ ముసుగు వేయడం. ఆ ముసుగులు స్టేడియంలో పిల్లల తలల మీద కనిపించని రోజు లేదు. 2006లో ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు.

డబ్ల్యూడబ్ల్యూఈలో వృథా అయ్యే తీరు వేరు. అక్కడ తారలకు కలం అప్పగించరు, 2022 దాకా కలం ఒక్క మెక్‌మాన్ చేతిలోనే ఉండేది. కాబట్టి అక్కడ అడ్డుపడింది ప్రత్యర్థి స్వార్థం కన్నా యజమాని అభిరుచి. పొడవు, కండలు, మాట తీరు గురించి అతనికి ముందే గట్టి అభిప్రాయాలు ఉండేవి, జనం చెప్పినా వినేవాడు కాదు. 2001లో డబ్ల్యూసీడబ్ల్యూను కొన్నాక రెండు కంపెనీల యుద్ధం అనే కథను ఆ నవంబర్‌కే ముగించేసి, వచ్చినవారందరినీ చిన్నవారిని చేసి చూపించడం కూడా ఆ కోవకే వస్తుంది. బుకర్ టీ విషయమైతే మరీ చేదైనది. 2003లో అతని మీద అప్పటి చాంపియన్ ట్రిపుల్ హెచ్ చేత, నీలాంటివారు ప్రపంచ చాంపియన్లు కాలేరన్న అర్థం వచ్చే, జాతి వివక్ష ధ్వనించే మాటలు అనిపించారు. అలాంటి కథకు ఒకే ముగింపు ఉంటుంది, ఆ మాటలన్నవాడు ఓడాలి. మార్చి 30న సియాటిల్‌లో, కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద కార్యక్రమమైన రెజిల్‌మేనియాలో ఓడింది బుకర్. ట్రిపుల్ హెచ్ దెబ్బ కొట్టి, తీరిగ్గా, ఎంతోసేపటికి మీద చేయి వేసినా బుకర్ లేవలేకపోయాడు. అన్నవాడి మాటే నిజమని కథ తేల్చింది.

సెజారో, అంటే స్విట్జర్లాండ్‌కు చెందిన క్లాడియో కాస్టగ్నోలి, ఈ రెండో పద్ధతికి అచ్చమైన ఉదాహరణ. 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్ రెజిల్‌మేనియాలో, ఆండ్రే ది జెయింట్ పేరిట పెట్టిన పోటీలో, అతను బిగ్ షోను చేతులతో ఎత్తి తాడు మీదుగా బయటికి విసిరేశాడు. 1987లో హోగన్ ఆండ్రేను ఎత్తిన దృశ్యం గుర్తొచ్చేలా తీర్చిదిద్దిన ఘట్టం అది. అంతకు ముందు నుంచే ప్రత్యర్థి కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పితే స్టేడియం మొత్తం ఎన్ని చుట్లో లెక్కపెట్టేది. మర్నాడు అతనికి అందరికన్నా గొప్ప వాక్పటిమ ఉన్న పాల్ హేమన్‌ను మేనేజర్‌గా ఇచ్చారు. అయితే అదే రెజిల్‌మేనియాలో లెస్నర్ అండర్‌టేకర్ అజేయ చరిత్రను ముగించాడు. హేమన్ ప్రతివారం సెజారో పక్కన నిలబడి లెస్నర్ గురించే మాట్లాడాడు. జనం కేరింతలు కొట్టే మనిషిని ప్రతినాయకుడి మేనేజర్ పక్కన నిలబెట్టడంతో ఆ కేరింతలూ చల్లారాయి. డిసెంబర్‌లో మెక్‌మాన్ ఒక ఇంటర్వ్యూలో, సెజారో జనంతో కలవలేకపోతున్నాడని, బహుశా స్విస్ వాడు కావడం కారణం కావచ్చని అన్నాడు. కలిసిన జనాన్ని విడదీసినది ఎవరో ఆ మాటలో లేదు. 2022 ఫిబ్రవరిలో ఒప్పందం ముగిసి వెళ్ళిపోయిన అతను ఆ జులైలోనే రింగ్ ఆఫ్ ఆనర్ అనే మరో కంపెనీలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

జాక్ రైడర్‌ది మరో రకం. కంపెనీ వాడుకోకపోతే 2011లో తానే యూట్యూబ్‌లో వారం వారం కార్యక్రమం మొదలుపెట్టి, తన అభిమానులను తానే సంపాదించుకున్నాడు. ఆ డిసెంబర్‌లో యూఎస్ బెల్టు ఇచ్చారు, నెల తిరగకుండా తీసేసుకున్నారు. ఆ తర్వాత జాన్ సీనా, కేన్ కథలో అతను మాటిమాటికీ దెబ్బలు తినే అమాయకుడు. చక్రాల కుర్చీలో ఉన్నవాడిని వేదిక మీద నుంచి తోసేశారు, ప్రేయసి సీనాను ముద్దుపెట్టుకుంది. అనుమతి లేకుండా ఎదిగినందుకు శిక్ష అన్న మాట అభిమానుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఉద్దేశం ఏదైనా ఫలితం అదే. 2016లో రెజిల్‌మేనియాలో గెలిపించిన బెల్టు మర్నాటి రాత్రే పోయింది. అసలు పేరు మాట్ కార్డోనాతో బయట చిన్న ప్రమోషన్లలో అతను 2021 నుంచి సంపాదించిన పేరు చూస్తే లోపం మనిషిలో లేదని తేలుతుంది.

మన దేశం వైపు వస్తే, గ్రేట్ ఖలీని నేను ఈ జాబితాలో చేర్చను. మోకాళ్ళు సహకరించని మనిషికి 2007లో ప్రపంచ బెల్టు కూడా ఇచ్చారు, కాబట్టి అతని నుంచి రాబట్టగలిగినంతా రాబట్టారు. జిందర్ మహల్ కథ తలకిందులు. ఏళ్ళ తరబడి అందరి చేతిలో ఓడే పాత్రలో ఉంచి, భారత మార్కెట్ కోసం 2017 మే 21న ఉన్నట్టుండి ప్రపంచ చాంపియన్‌ను చేశారు. డిసెంబర్‌లో ఢిల్లీ కార్యక్రమం పెట్టుకుని, దానికి నెల ముందే మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్ చేతిలో బెల్టు పోగొట్టించారు. ఎవరి కోసం అతన్ని చాంపియన్ చేశారో ఆ జనం ముందుకు అతను బెల్టు లేకుండా వచ్చి, ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడాడు.

అదే పొరపాటు హైదరాబాద్‌లో మళ్ళీ జరిగింది. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో, ఆరేళ్ళ తర్వాత ఈ దేశంలో జరిగిన కార్యక్రమం అది. సీనాను చూసేందుకు జనం ఎగబడ్డారు, చూశారు, అది వేరే సంగతి. ఆ రాత్రి జిందర్ డ్రూ మెకింటైర్ చేతిలో, ఏడడుగుల శాంకీ గుంథర్ చేతిలో, వీర్, సంగా జంట కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌ల చేతిలో ఓడిపోయారు. వీర్ అంటే రింకూ సింగ్. ఉత్తరప్రదేశ్ పల్లెలో ఈటె విసిరే కుర్రవాడు, 2008లో బేస్‌బాల్ విసిరే టీవీ పోటీలో గెలిచి పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. అతని జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పినా కథ సిద్ధం. కంపెనీ చేసిందల్లా, 2021 అక్టోబర్ నుంచి దాదాపు ఆరు నెలల పాటు వీర్ వస్తున్నాడు అని వారం వారం ప్రకటనలు వేసి, 2022 ఏప్రిల్‌లో తీసుకొచ్చి, నెలల్లోనే శిక్షణ విభాగం కార్యక్రమానికి తిప్పి పంపడం. హైదరాబాద్ తర్వాత రెండు వారాలకే శాంకీని తీసేశారు. 2024 ఏప్రిల్ 19న జిందర్‌ను, వీర్‌ను, సంగాను ఒకే రోజు తీసేశారు. టైటిల్ ఇవ్వమని ఎవరూ అడగలేదు. గచ్చిబౌలిలో ఆ మూడు పోటీల్లో ఒక్కటి గెలిపించి ఉన్నా, మళ్ళీ వచ్చినప్పుడు టికెట్ కొనేందుకు సీనా కాక ఇంకొక పేరు కంపెనీకి మిగిలి ఉండేది.